పిట్టగుట్ట మెడ

"నీళ్ళు ముందలికెల్లి రావు సారూ, ఎనకకెల్లి వస్తయ్. బిడ్డను గట్టు మీద కూసోబెట్టి నువ్వు ముందలికే సూస్తున్నవ్. నాకు పానం దడదడ కొట్టుకుంటాంది."

ఈ మాట అన్న మనిషి పేరు అప్పటికి నాకు తెలియదు. 1993 జూలైలో ఒక సాయంత్రం, కృష్ణ ఒడ్డున, మా వెనక ఇరవై మేకలతో నిలబడి ఉంది. సన్నటి నల్లటి మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. చేతిలో తనకంటే పొడుగైన వెదురు కర్ర. నేను వెనక్కి తిరిగి చూశాను. మేము నడిచి వచ్చిన పల్లం, అరగంట కింద పొడిగా ఉన్న పల్లం, మడమ మునిగేంత నీటితో మెరుస్తోంది. వాన లేదు. గాలి లేదు. చప్పుడన్నది అసలే లేదు. నా ఐదేళ్ళ కూతురు హసీనాను చంకనేసుకుని ఇవతలికి వచ్చాను. చెప్పులు తడిశాయి, అంతే. కానీ ఆ రాత్రి బిడ్డ దగ్గిన ప్రతిసారీ లేచి, దాని మంచం కింద నేల తడిగా ఉందేమోనని తడిమి చూశాను.

మాది చిట్యాల. హైవే మీది ఊరు. మాకు భయమంటే లారీలే. బీయస్సీ, బీయీడీ చదివి, ఆ ఏడే కొత్త బండలూరు బడిలో సైన్సు టీచరుగా చేరాను. అచ్చంపేట నుంచి బస్సులో రెండున్నర గంటలు ప్రయాణం చేస్తే వచ్చేది ఆ ఊరు. దిగువన అడవి కొండల నడుమ నదికి అడ్డంగా ఆనకట్ట లేచినప్పుడు పాత బండలూరు మునిగింది. ఆ ఊరి జనం ఎత్తు మీదికి వచ్చి కట్టుకున్నది కొత్త బండలూరు. ఎండాకాలం నీరు దిగితే పాత ఊరి మొండిగోడలు బురదలోంచి పైకి తేలేవి. పెద్దవాళ్ళు వెళ్ళి, ఇది మన గడప, ఇది మన కొట్టం అని పిల్లలకు చూపించేవారు. వానాకాలంలో ఎగువన ఎక్కడో, మరో రాష్ట్రంలో వానలు పడితే ఇక్కడ ఎండలోనే నీరు పెరిగేది. మబ్బుతో పని లేని ఆ నీరంటే నాకు భయం. ఎండిపోయిన చింతచెట్లు నడుములోతు నీళ్ళలో నిలబడి ఉండేవి. వాటి కొమ్మల మీద నల్లటి నీటికాకులు రెక్కలు చాపి, ఎవరి కోసమో చూస్తున్నట్టుగా కూర్చునేవి.

ఆ మేకలావిడ పేరు ఈదమ్మ అని మర్నాడు తెలిసింది. హసీనా దగ్గుకు మేకపాలు మంచివని ఎవరో చెబితే మా ఆవిడ షరీఫున్నీసా పురమాయించింది. చెంబు పట్టుకుని వచ్చింది ఈదమ్మే.

"ఏం షరీఫమ్మా, మీ సారు నిన్న బిడ్డను సంకన ఏస్కోని ఉరికిండు సూడు, పులి ఎంటవడ్డట్టు. ఇగ బిడ్డను సందూకల వెట్టి తాళమేస్తడేమో!"

"పెట్టేటట్టే ఉన్నడు. తాళంచెవి నువ్వు దాచు," అంది మా ఆవిడ.

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "నీళ్ళు వెనక నుంచి వస్తాయని నీకెట్లా తెలుసు అవ్వా?" అని అడిగాను. ఈదమ్మ నవ్వు ఆపింది. పాలు కొలిచి పోసి వెళ్ళిపోయింది.

ఆమె తన కథ ఒకేసారి చెప్పలేదు. ఏడాది పొడుగునా, చెంబుడు పాలతో పాటు కొంచెం కొంచెంగా చెప్పింది.

పాత బండలూరు పక్కనే, నది ఒడ్డున ముప్పై అడుగుల ఎత్తున రాతిగుట్ట ఒకటుంది. పేరు పిట్టగుట్ట. గుట్టకూ గట్టుకూ మధ్య నూటేభై అడుగుల పొడవున పల్లపు నేల ఉంది. తలకూ మొండేనికీ నడుమ ఉన్నట్టు ఉంటుంది కాబట్టి దాన్ని మెడ అంటారు. మెడ మీదున్న నల్లరేగడి రెండెకరాలు ఈదమ్మ మొగుడు జంగయ్యది. పెళ్ళయిన మూడో ఏట జంగయ్య అక్కడ బావి తవ్వాడు. ఈదమ్మ మట్టి తట్టలు మోసింది. "ముప్పై ఆరు మెట్లు సారూ. అడుగుకు పోతే నడి ఎండకాలం గూడ సలిపెట్టేది," అని చెప్పేది. బావికి గోడ లేదు. అక్కడ ఏ బావికీ గోడ ఉండేది కాదు. ఎవరి బావి ఎక్కడుందో అందరికీ తెలుసు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. వానాకాలం మూణ్ణెల్లు, రోజుకొక ఇంటి మగవాడు పిట్టగుట్ట ఎక్కి పడమరకు తిరిగి కూర్చోవాలి. నది పడమటి నుంచే వస్తుంది. వరద వచ్చేటప్పుడు ముందు హోరు వినబడుతుంది, తర్వాత నురగ, చెత్త, కొట్టుకొచ్చే మొద్దులు కనబడతాయి. కనబడగానే కావలివాడు డప్పు కొట్టాలి. తాతల నాటి నుంచి ఆ డప్పు ఊరిని కాపాడింది.

ఆనకట్ట నీరు మొదటిసారి నిండిన ఏడు, ఊరు సగం ఖాళీ అయింది. సగం మంది ఇంకా గోడలు పట్టుకుని ఉన్నారు. ఆ రోజు వంతు జంగయ్యది.

"పొద్దుగాల సద్ది కట్టిచ్చిన. పోయిండు. పడమటికి మొకంబెట్టి కూసున్నడు. హోరు లేదు, నురగ లేదు. నీళ్ళేమో తూర్పుకెల్లి వచ్చినయ్ సారూ. కట్ట కాడ ఆగి, ఎనకకు మల్లినయ్. వాగులవడి, సప్పుడు సేయకుంట, మెడ మీదికెక్కినయ్. మా తాతలు ఎన్నడన్న నది ఎనకకు నడిసుడు సూసిన్రా? ఆయన తిరిగి సూసేటాల్లకు మోకాలెత్తు నీళ్ళు. గట్టు మీద నిలవడి నేను కేకేస్తున్న, గుట్ట మీదనే ఉండుమని. ఆయన నవ్విండు. నా సేనుల నాకు తొవ్వ తెల్వదా అన్నడు. దిగిండు."

అక్కడ ఆపింది. చెంబు అందుకుని లేస్తూ, "బాయి ఆయనే తవ్విండు. యాడున్నదో ఆయనకంటె ఎవరికెరుక?" అంది.

మోకాలెత్తు నీటి కింద, ముప్పై ఆరు మెట్ల లోతు. జంగయ్య కాలు పెట్టింది అక్కడే.

ఆ తర్వాత ఈదమ్మ పుట్టింటికి పోలేదు. మేకలు కొనుక్కుని, నీరు దిగిన కాలమంతా ఆ గుట్ట మీద, ఆ మెడ మీదే మేపుకుంది. బావి సగం ఒండ్రుతో పూడింది గానీ ఇంకా నోరు తెరుచుకునే ఉంది. పూడ్పించమని నేను ఒకసారి అంటే, "ఆయన మీద మన్ను వోయమంటవా?" అని నా వంక చూసింది. నేను మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఇదంతా తెలిసి కూడా నేను ఆ పని చేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

1994 ఆగస్టులో ఐదో తరగతికి ద్వీపాల పాఠం వచ్చింది. ఇత్తడి తాంబాళంలో బంకమట్టి కుప్ప పెట్టి, చెంబుతో నీళ్ళు పోసి, "నాలుగు వైపులా నీరున్న భూమిని ద్వీపం అంటారు" అని చెప్పాను. లీలమ్మ అనే పిల్ల లేచింది. పదేళ్ళది, నోరు ఊరుకోదు.

"సారూ, గట్లయితే మా పిట్టగుట్ట గూడ దీవేనా?"

"నీళ్ళు నిండితే దీవే."

"మరి నీళ్ళు దిగితే?"

"అప్పుడు గుట్ట."

"అంటే ఆరు నెల్లు దీవి, ఆరు నెల్లు గుట్ట. మా బాపు లెక్కనే. ఆరు నెల్లు మంచిగుంటడు, ఆరు నెల్లు తాగుతడు."

తరగతంతా నవ్వింది. నాకు ఆలోచన తట్టింది. ద్వీపం కాబోతున్న గుట్టను పిల్లలకు కళ్ళారా చూపిస్తే ఏ పుస్తకమూ దానికి సాటి రాదు. పది రోజులుగా వాన లేదు. నీరు మెల్లగా పెరుగుతోంది, అంతే. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఇరవై రెండు మంది పిల్లలతో బయలుదేరాను. రెండో తరగతి హసీనా కూడా ఏడ్చి వెంటబడింది. ఇరవై మూడు.

మెడ దగ్గర ఈదమ్మ మేకలను గుట్ట నుంచి ఇవతలికి తోలుకొస్తోంది.

"యాడికి సారూ, ఇంతమంది పోరలను తోల్కోని?"

"గుట్ట మీదికి అవ్వా. రెండు గంటల్లో వస్తాం."

"ఇయ్యాల వద్దు. మేకలు పొద్దుగాల్నుంచి గుట్ట మీద మేస్తలేవు. మెడకు నీళ్ళు నాలుగు వేళ్ళ మందమే కిందికున్నయ్."

నేను చూశాను. మెడ ఎండి, నెర్రెలు బారి ఉంది. అటూ ఇటూ నీరు ఉంది గానీ కదలిక లేదు. నేను తెచ్చిన చెక్క స్కేలు చూపించాను. "ఇది నీళ్ళలో పాతి కొలుస్తా. గంటకు ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. గుట్ట ఎత్తు ముప్పై అడుగులు. భయం లేదు."

ఆమె స్కేలును చూసింది. పిల్లలను చూసింది. "సదువుకున్నోనివి. నీకంటె నాకెక్కువెరుకనా," అంది. వెదురుకర్రను మెడకు ఎడంవైపున ఒకచోట ఆనించి నిలబడింది. అక్కడే ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. పిల్లలను కుడివైపు నుంచి నడిపించాను. ఆ జాగ్రత్త చాలనుకున్నాను.

గుట్టకు నది వైపున స్కేలు పాతాను. పిల్లలను రాళ్ళ మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. సముద్రం అడుగున నిప్పుకొండ పగిలి, కరిగిన రాయి పొర మీద పొర పేరుకుని నీటి పైకి తేలితే ఒక రకం దీవి. కంటికి ఆనని పగడపు జీవాలు లక్షల ఏళ్ళు తమ గూళ్ళ మీద గూళ్ళు కట్టుకుంటూ పోతే ఇంకొక రకం. నది మోసుకొచ్చిన ఇసుక నడిమధ్యన మేట వేస్తే లంక. "నాలుగో రకం మన కిందే ఉంది. భూమి కదలదు. నీరే పెరుగుతుంది."

"సారూ, చీమలు!" అన్నారెవరో.

రాళ్ళ సందుల్లోంచి నల్లచీమలు బారు కట్టి, తెల్లటి గుడ్లు నోట కరుచుకుని పైకి వస్తున్నాయి. వాటి పక్కనే ఒక తేలు, ఎవరినీ పట్టించుకోకుండా, పైకే పోతోంది. నేను సంబరపడి, చీమలకు తేమ ఎలా తెలుస్తుందో చెప్పడం మొదలుపెట్టాను. కింది నేల వాటి ఇళ్ళలోకి ఊటగా నీరు వదులుతోందని నాకు తట్టలేదు. రెండోసారి దిగి స్కేలు చూశాను. అడుగు దాకా పెరిగింది. మొదటి గంటకు చూసినప్పుడు రెండంగుళాలే పెరిగి ఉంది. ముప్పై అడుగుల్లో ఒకటి పోయింది, ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి అని లెక్క వేసుకుని మళ్ళీ పైకెక్కాను. ఆ లెక్కలో తప్పు లేదు. గుట్ట మునగడానికి ఎంతసేపు పడుతుందో అది సరిగానే చెప్పింది. మేము ఇంటికి పోవాల్సింది గుట్ట మీదుగా కాదు.

హసీనా నా చొక్కా లాగింది. "అబ్బాజాన్, ఈదమ్మవ్వ పిలుస్తాంది."

వెనక్కి తిరిగాను. ఆ రోజు మొదటిసారి.

మెడ లేదు. గుట్టకూ గట్టుకూ మధ్య ఒకే నీటిపలక, మీద ఎండ. ఎక్కడా గీత లేదు, గుర్తు లేదు. కుడిఎడమలు లేవు. అవతల ఈదమ్మ కొంగు బిగించి అరుస్తోంది, మాటలు సగమే అందుతున్నాయి.

"దిగకు సారూ! ఎవ్వరిని దిగనియ్యకు! నేనొస్తున్న!"

పిల్లలందరినీ నా చుట్టూ చేర్చుకున్నాను. ఇరవై మూడు మంది. పుట్టి నడిపే గాలయ్య ఆ రోజు అంగడికి పోయాడని నాకు తెలుసు. గుట్ట మీదే ఉండిపోదామంటే రాళ్ళ నిండా పైకెక్కిన తేళ్ళు, పాములు. రేపటికి నీరు ఎంత ఉంటుందో ఎవరు చెప్పగలరు?

ఈదమ్మ నీళ్ళలో దిగింది. ఒక్కో అడుగుకూ కర్ర గుచ్చి, ఆగి, గుచ్చి వచ్చింది. నీరు ఆమె పిక్కల దాకా ఉంది. సగం దూరం వచ్చాక కర్ర ఒకచోట దిగబడి, దిగబడి, ఆమె చెయ్యి నీటిని తాకింది. అక్కడ ఆగింది. కర్ర పైకి లాగింది. ఒక అడుగు పక్కకు జరిగి, మా వైపు తిరిగి, రాయిలా నిలబడింది.

"ఇగ తోలు. ఒకరెనక ఒకరు. ఒకరి సెయ్యి ఒకరు ఇడువొద్దు. నా దిక్కే సూసుకుంట రావాలె. నా కాడికి వచ్చినంక నా ఇటుపక్కకెల్లి పోవాలె, అటుపక్క కాలు వెడితే కాళ్ళిరగ్గొడ్త!"

నేను హసీనాను ఎత్తుకున్నాను. చెయ్యి దానంతట అదే ఆ పని చేసింది.

"దించు!" అని అరిచింది ఈదమ్మ. "ఎత్తుకుంటె నీకు నీ అడుగు కనవడది. ఇంకోటి, నీ బిడ్డను ముందల తేకు. నువ్వు నీ బిడ్డను పట్టుకోని పోతే ఎనకున్నోల్లు భయంతోని ఉరుకుతరు. దాన్ని ఆఖరుకు తే."

నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ క్షణం ఇరవై రెండు మంది ఇతరుల పిల్లలు నాకు లెక్కలోకి రాలేదు. ఇది దాచుకోను. కానీ అందరూ నా ముఖమే చూస్తున్నారు. హసీనాను దించాను.

లీలమ్మ ముందు నడిచింది. ఆమె చెయ్యి పట్టుకుని మరొకరు, ఆ వెనక మరొకరు. అడుగున బురద జారుతోంది. నీళ్ళలో కాళ్ళ చప్పుడు, ఈదమ్మ గొంతు, అంతే. "రా బిడ్డా. నన్నే సూడు. నేనే గోడను. రా." ఒక్కొక్కరు ఆమెను దాటుతుంటే భుజం మీద చెయ్యేసి తన కుడిపక్కకు తోసేది. ఎడమపక్క, ఆమె మడమకు జానెడు దూరంలో, నీటి రంగు కొంచెం ముదురుగా ఉంది. చూడాలని తెలిసినవాళ్ళకే కనబడేంత తేడా. అక్కడి నుంచి అప్పుడప్పుడూ ఒక బుడగ పైకి వచ్చి పగిలేది.

చివరన నేనూ హసీనా మిగిలాం. నీరు దాని తొడల దాకా వచ్చింది. దాని చెయ్యి నా చేతిలో చేపలా జారుతోంది. ఈదమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె రెండు చేతులా కర్రను పట్టుకుని, బరువంతా దాని మీదే వేసి ఉంది. అరగంట సేపు తన మొగుడి బావి అంచున నిలబడి ఉంది ఆ మనిషి.

హసీనా ఆమె కొంగు పట్టుకుని, "అవ్వా, నీకు భయమైతలేదా?" అంది.

"ఐతాంది బిడ్డా. నడువు."

గట్టు మీద లెక్కపెట్టాను. ఇరవై మూడు. మళ్ళీ లెక్కపెట్టాను. మేకలు అక్కడే ఒక తుమ్మచెట్టు కింద ఆకలితో అరుస్తున్నాయి. గట్టు మీద గడ్డిపోచ లేదు. ఆ పొద్దున ఆమె వాటిని మేతకు తోలుకుపోకుండా, మెడ దగ్గరే ఎందుకు ఉండిపోయిందో అప్పుడు అర్థమైంది. ఆమె ముఖంలోకి చూడలేక స్కేలు గుట్ట దగ్గరే మరిచిపోయానని ఏదో అన్నాను.

"ఉండనియ్. నీళ్ళకు గూడ సదువొస్తది," అంది.

సోమవారం హెడ్మాస్టరు చీవాట్లు పెట్టారు. ఆ మధ్యాహ్నం ఈదమ్మను బడికి పిలిచాను. రానంది. షరీఫున్నీసా వెళ్ళి తీసుకొచ్చింది. నా తాంబాళంలో మట్టికుప్పను చూసి ఆమె పెదవి విరిచింది.

"గుట్ట లడ్డు లెక్క గుండ్రగుంటదా సారూ? మీ గుట్టకు తొవ్వ లేదు. మనిషి యాడికెల్లి ఎక్కిండు?"

పిల్లలు గుమిగూడారు. ఆమె మట్టిని పిసికి, తాంబాళం అంచుకు గట్టు కట్టింది. నడిమధ్యన గుట్ట పెట్టింది. రెంటినీ కలుపుతూ సన్నటి మెడ తీసింది. దాని పక్కన బొటనవేలితో ఒక గుంట నొక్కింది. అదేమిటని ఒక్క పిల్ల కూడా అడగలేదు. తర్వాత చెంబు వంచింది. నీరు మెల్లగా పాకింది. గుట్ట మీద ఒక్క చుక్క పడలేదు. మెడ తడిసింది, కరిగింది, మాయమైంది.

"ఇగో. ఇప్పుడైంది దీవి. గుట్టకేమైంది? ఏం గాలే. ఎట్లున్నది అట్లనే ఉన్నది. తొవ్వ మునిగింది, అంతే."

పదిహేనేళ్ళు చదివిన సైన్సులో ద్వీపం ఎలా పుడుతుందో నాకు అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

1997లో నాకు షాద్‌నగర్ బదిలీ అయింది. ఇక్కడ నది లేదు, ఫ్యాక్టరీల పొగ ఉంది, రోడ్లున్నాయి. హసీనాకు తొమ్మిదేళ్ళు, దగ్గు పోయింది. భయం మాత్రం నాతోనే వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఇప్పుడు తెలుసు, అంతే తేడా. పిల్లలను ఏ చెరువుకు తీసుకెళ్ళినా, ఏ గుట్ట ఎక్కించినా, ముందు వచ్చిన దారి వెంట వెనక్కి నడుస్తాను. అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట ఒక పుల్ల పాతుతాను. దాని ఎదురుగా కూర్చుని, నీటికి వీపు పెట్టి, పాఠం చెబుతాను. తోటి టీచర్లు నవ్వుతారు. హసీనా నవ్వదు. పుల్ల అదే ఏరుకొస్తుంది.

కొత్త బండలూరు విడిచిన రోజు బస్సు కిటికీ దగ్గరికి వచ్చి, చెంబుడు పాలు చేతికిచ్చి, ఈదమ్మ చెప్పింది ఇదే:

"నీళ్ళు యాడిదాక వచ్చినయో సూడకు సారూ. నువ్వొచ్చిన తొవ్వల అన్నిటికంటె తక్కువున్న జాగా యాడున్నదో సూడు. గాడ పుల్ల పాతు. గా పుల్ల తడిస్తే, ఏం మాట్లాడుతున్నవో గది సగంల ఇడిసిపెట్టి లెవ్వు."